తట్టి చూడని కప్పు కింద

విమానం ఎక్కి వచ్చినవాళ్ళంతా మేఘాల గురించి చెబుతారు. నేను చెప్పలేను. వెళ్ళేటప్పుడు రెండున్నర గంటలూ నా చూపు నెత్తిమీది తెల్లటి ప్లాస్టిక్ పలక మీదే ఉంది. మేఘాల కోసం ఇది చదువుతున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆ పలక ఎలా ఉంటుందో మాత్రం అతుకులతో సహా చెప్పగలను.

నేనెవరో ముందు చెప్పాలి. గోదావరిఖనిలో, భూమి లోపలి గనిలో మైనింగ్ సర్దార్‌ని. ముప్పై ఏళ్ళ సర్వీసు. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు లోపలికి పోయి, పని జరిగే చోట పైకప్పు గట్టిగా ఉందో లేదో చూడాలి. ఉందని నేను చెప్పాకే మిగతావాళ్ళు పని మొదలుపెడతారు. చూడటమంటే ఉత్త కళ్ళతో చూడటం కాదు. ఇనుప పొన్ను వేసిన కర్ర ఉంటుంది. ఒక అరచెయ్యి కప్పుకు ఆనించి, రెండో చేత్తో కర్ర పట్టి తట్టాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగి, ఆనించిన చేతికి సన్నగా వణుకు తెలిసిందంటే పైన పొర విడిపోయిందన్నమాట. అప్పుడు అందరినీ వెనక్కి పిలవాలి.

ఈ పని వల్ల నాకొక అలవాటు పట్టుకుంది. పెళ్ళివారింటి గోడ, దవాఖాన తలుపు, బస్సు టాపు, ఏది కనిపించినా వేలి కణుపుతో తట్టి చూస్తాను. తట్టనిదాన్ని నమ్మను. మనుషుల సంగతిలోనూ నేనింతేనని మా ఆవిడ సరోజన అంటుంది.

గోదావరిఖని: మూడోసారి

సరోజన నా మేనమామ కూతురు. ఆమె తమ్ముడు సమ్మయ్య. కమాన్‌పూర్ దగ్గరి వాళ్ళ పొలం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలోకి పోయాక, తొమ్మిదేళ్ళ కింద అండమాన్ పోయి పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో చేరాడు. అక్కడే ఒక బెంగాలీ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళికి మేము టికెట్లు కొన్నాం. కొన్నాక నాకు ‘అనుకోకుండా’ డ్యూటీ పడింది. ఆ డ్యూటీ నేనే అడిగి వేయించుకున్నానని సరోజనకు తెలుసని నాకెప్పటినుంచో అనుమానం. రెండోసారి, సమ్మయ్యకు కూతురు పుట్టినప్పుడు, శంషాబాద్ విమానాశ్రయం దాకా పోయాం. లోపలికి పోయే తలుపు ముందు నాకు కడుపునొప్పి లేచింది. తిరిగొచ్చే బస్సు సిద్దిపేటలో ఆగితే దిగి మిర్చి బజ్జీలు తిన్నాను. సరోజన చూసింది.

అలా తొమ్మిదేళ్ళు ఆమె తమ్ముణ్ణి ఫోన్లోనే చూసుకుంది. కారణం సెలవు కాదు, డబ్బు కాదు. నా భయం. దాన్ని భయం అని నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. ‘ఆ విమానాల సంగతి మనకు తెల్వదే’ అనేవాణ్ణి.

ఈ వేసవిలో సమ్మయ్య భార్య ఫోన్ చేసింది. షుగర్ ముదిరి ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశారని, అక్కను చూడాలని రోజూ అంటున్నాడని చెప్పింది. నాకు వెంటనే అనుమానం వచ్చింది.

“వీడియో కాల్‌ల నడుము దాకనే కనవడ్తడు. నిజంగ తీసేస్తే కాలు చూపియ్యడా? మనల్ని రప్పియ్యాలని నాటకం గావొచ్చు” అన్నాను.

సరోజన బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. “నాటకమైతే చూసొస్త. నిజమైతే గూడ చూసొస్త. నీకు మల్ల కడుపునొస్తదేమో, నువ్వు ఉండు బావా. నేనొక్కదాన్నే పోత.”

ముప్పై ఏళ్ళలో ఆమె ఒక్కతే పెద్దపల్లి దాటలేదు. ఆ మాటలో కోపం ఉంటే నేనూ నాలుగు మాటలని ఊరుకునేవాణ్ణి. కోపం లేదు. ఆమె నన్ను లెక్కలోంచి తీసేసిందని అప్పుడు అర్థమైంది. నేనూ వస్తానన్నాను. ఆమె నమ్మలేదు. నెట్ సెంటర్‌లో టికెట్లు తీసేటప్పుడు, “ఈయిన రాకపోతే పైసలు వాపసు వస్తయా?” అని నా ముందే అడిగింది.

రామగుండం స్టేషన్ నుంచి

మే నెలాఖరు. రామగుండం ప్లాట్‌ఫారం మీద ఇనుప బెంచీ పొద్దున ఎనిమిదికే కాలుతోంది. సరోజన సంచిలో సకినాలు, నువ్వుల ఉండలు, కొత్త మామిడికాయ తొక్కు సీసా ఉన్నాయి. సీసా మూతికి గుడ్డ కట్టి, దారం చుట్టి, దాన్ని పసిపిల్లలాగా ఒళ్ళో పెట్టుకుంది.

రైల్లో మా ఎదుట జమ్మికుంట దాకా వచ్చే ఒక అవ్వ కూర్చుంది. ఎక్కడికని అడిగింది. సరోజన చెప్పింది. అవ్వ నోట్లో తమలపాకు ఒక పక్కకు నెట్టి నన్ను జాలిగా చూసింది.

“సముద్రం మీదికెల్లి పోతదా బిడ్డా? మరి నడుమల ఆగితే ఏడ దిగుతరు?”

నెల రోజులుగా నేను అడగాలనుకుంటున్నది ఇదే. “గట్ల అడుగవ్వా” అన్నాను. సరోజన నావైపు చూసిన చూపుకు నేను కిటికీలోంచి తాటిచెట్లు చూడటం మొదలుపెట్టాను. అవ్వ జమ్మికుంటలో దిగుతూ నా తలమీద చెయ్యిపెట్టి దీవించింది. ఆ దీవెన మీద కూడా నాకు అనుమానం వచ్చింది. మామూలుగా పెట్టినట్టు లేదు, చాలా సేపు పెట్టింది.

శంషాబాద్: తనిఖీ

మర్నాడు పొద్దున విమానాశ్రయం తలుపు దగ్గర సరోజన నావైపు తిరిగింది. కడుపు ఎలా ఉందని అడగలేదు. నా టికెట్టు నా చేతిలో పెట్టి, తన టికెట్టు పట్టుకుని ముందుకు నడిచింది. వస్తే రా, లేకపోతే మానుకో అన్నట్టు ఉంది ఆ నడక. ఆమె వెనకే పోయాను.

లోపల జేబులు తడిమే చోట వరుసలో నిలబెట్టారు. ఇది మాకు కొత్త కాదు. గనిలోకి దిగేముందు బీడీలు, అగ్గిపెట్టెలు, ఫోన్లు లోపలికి పోకుండా తనిఖీ ఉంటుంది. ఎన్నో ఏళ్ళు నేనూ ఆ తనిఖీ చేశాను. తలపాగా మడతలో, బూటు అడుగున, టిఫిన్ డబ్బా మూత కింద బీడీ దాచినవాళ్ళను పట్టుకున్నాను. ఇక్కడి జవాను నన్ను ఛాతీ దగ్గర, నడుము దగ్గర తడిమి పొమ్మన్నాడు.

“బూట్లు చూడవా?” అని నేనే అడిగాను.

“చలో, చలో” అన్నాడు.

నన్నే ఇంత అడ్డదిడ్డంగా చూసినవాడు మిగతావాళ్ళను ఎలా చూసి ఉంటాడు? ఆ తర్వాత గంటసేపు నేను అందరి బూట్లే చూస్తూ కూర్చున్నాను.

తొక్కు సీసాను మాత్రం వదల్లేదు. నూనె, కారం ఉన్నాయి కాబట్టి చేతిసంచిలో పోనివ్వం అన్నారు. పెద్ద సామాన్లలో వేసుకోవాల్సిందట. అవి అప్పటికే వెళ్ళిపోయాయి. సరోజన బతిమిలాడింది. మూత విప్పి నాకించబోయింది కూడా. కుదరలేదు. సీసాను పక్కనున్న డబ్బాలో పెట్టించారు. మధ్యాహ్నం అన్నంలోకి ఆ తొక్కు ఎవరి విస్తట్లోకి పోతుందో నాకు తెలుసు అన్నాను. ఆమె నవ్వలేదు. తమ్ముడికోసం ఆ ఏడు కోసిన మొదటి కాయలతో పెట్టిన తొక్కు అది. తర్వాత చాలాసేపు ఖాళీ ఒడిలో రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఆమెకోసం చాయ్ తెచ్చాను. అక్కడ ఒక చాయ్ ధరకు మా గని గేటు ముందు బ్యాచి మొత్తం తాగొచ్చు. ఆ చాయ్ కప్పు చూస్తే అట్టది, తట్టాల్సిన పనే లేదు.

ఆకాశంలో

మా వరుసలో కిటికీ దగ్గర సరోజన, మధ్యలో నేను, ఇటు చివర పెద్దపల్లి మనిషి ఖాజా. శీతల గిడ్డంగుల మిషన్లు బిగించే మెకానిక్. నెలకోసారి విమానం ఎక్కుతాడట. కూర్చోగానే బెల్టు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అంత నిశ్చింతగా ఉన్నవాణ్ణి నేను నమ్మను.

నేను మాత్రం నా పని చేశాను. చెయ్యెత్తి నెత్తిమీది పలకకు అరచెయ్యి ఆనించి, రెండో చేతి కణుపుతో తట్టాను.

డొల్ల.

ఇంకోచోట తట్టాను. అక్కడా డొల్లే. కిటికీ పక్క గోడ, ముందు సీటు వీపు, అన్నీ డొల్లే. ముప్పై ఏళ్ళలో ఇంత చెడ్డ కప్పు కిందికి నేను ఒక్క మనిషినీ పంపలేదు.

“ఏం కాకా, ఏం జూస్తున్నవ్?” ఖాజా ఒక కన్ను తెరిచాడు.

“కప్పు డొల్లగున్నది.”

“అది ప్లాస్టిక్ కాకా. లోపల వైర్లు, గాలి పైపులు ఉంటయి, మూత పెట్టిండ్రు. అసలు బాడీ దాని అవుతల ఉంటది. ఫికర్ చెయ్యకు.”

“అవుతలిది నువ్వు తట్టి చూసినవా?”

అతను నవ్వి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. జవాబు చెప్పలేదని నేను గమనించాను.

విమానం పైకి లేచింది. సీటు చేతులు గట్టిగా పట్టుకున్నాను. అవి కూడా ప్లాస్టిక్కే. కాసేపటికి ‘టింగ్’మని ఒక గంట మోగింది. మా గనిలో తాడు కట్టి బొగ్గు టబ్బులు లాగే ఇంజనుకు గంటలతో సైగ చేస్తాం. నడుస్తున్నప్పుడు ఒక్క గంట కొడితే ఆపమని అర్థం. రెండో గంట వస్తుందేమోనని విన్నాను. రాలేదు. ఒక్కటే.

“ఆపమంటున్నరు” అన్నాను సరోజనతో.

“ఎవలు?”

“గంట గొట్టినోళ్ళు.”

ఆమె నా ముఖం చూసి, ముందు సీటులోని కాగితం సంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. అది వాంతికి ఇచ్చిన సంచి. ఆమె ముఖంలో ఏ భయమూ కనబడలేదు. కొంగు కిందికి చేతులు పెట్టుకుని బొమ్మలా కూర్చుంది. మొదటిసారి విమానం ఎక్కిన మనిషి అలా ఎలా ఉంటుంది? నాకు చెప్పనిదేదో ఆమెకు తెలుసా అని కూడా అనుమానించాను.

నవ్వుతూ నీళ్ళిచ్చే అమ్మాయి మీద ఇంకా ఎక్కువ అనుమానం వేసింది. గనిలో ఏదైనా తేడా వచ్చినప్పుడు నేనూ కొత్తవాళ్ళతో అలాగే నవ్వుతూ మాట్లాడతాను.

సముద్రం మీదికి వచ్చి గంట దాటాక కుదుపులు మొదలయ్యాయి. మొదట మంథని రోడ్డు మీద బస్సులాగా. మైకులో పైలట్ ఇంగ్లీషులో, హిందీలో ఏదో చెప్పాడు. నీళ్ళ అమ్మాయి బండి లాక్కుని వెనక్కి పోయి తనూ కూర్చుని బెల్టు బిగించుకుంది. నవ్వు లేదు. తర్వాత ఒక్కసారిగా కింద నేల తీసేసినట్టు పడిపోయాం. ఎవరో కేక పెట్టారు. నెత్తిమీది పలకలన్నీ కిర్రుకిర్రుమన్నాయి.

ఆ చప్పుడు నాకు తెలుసు. కప్పు దిగబోయే ముందు దాని కింద నిలబెట్టిన కర్ర దిమ్మెలు అలాగే కిర్రుమంటాయి. దిమ్మె మాట్లాడితే మనిషి మాట్లాడొద్దు, పరుగెత్తాలని మాకు మొదటి రోజే నేర్పిస్తారు. తర్వాత జరిగింది నేను ఆలోచించి చేసింది కాదు. బెల్టు విప్పి, ఖాజా మోకాళ్ళ మీదుగా నడవలోకి దూకి, రెండు చేతులూ ఊపుతూ అరిచాను.

“అందరు వెనకకు! సామాన్లు ఇడిశిపెట్టుండ్రి! జల్ది, జల్ది నడువుండ్రి!”

ఈ అరుపుతో గనిలో రెండుసార్లు మనుషుల ప్రాణాలు కాపాడాను. విమానంలో సగం మందికి తెలుగు రాక బతికిపోయారు. తెలుగు వచ్చినవాళ్ళలో నలుగురు నిజంగానే లేచారు. ఒకాయన వెనక్కి రెండడుగులు వేశాడు కూడా. నీళ్ళ అమ్మాయి కూర్చున్నచోటినుంచే ‘సిట్ డౌన్’ అని గొంతు చించుకుంది. ఇంకో కుదుపుకు నేను సీటు మూలకు గుద్దుకున్నాను. ఖాజా నా నడుము పట్టుకున్నాడు. సరోజన వంగి నా చొక్కా అంచు పట్టి ఒక్క గుంజు గుంజింది. సీట్లో పడ్డాను. నా బెల్టు తనే బిగించింది.

“ఏడికి బోతవ్ బావా? వెనకకు బోతే ఏమున్నది?”

“కప్పు కిర్రుమంటున్నది సరోజనా. తట్టి చూసిన. డొల్లగున్నది.”

ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది. గొంతు పెంచలేదు. “ముప్పై ఏండ్లు తట్టి చూడని కప్పు కింద కూసున్న నేను. నువ్వొక్క గంట కూసోలేవా?”

నాకు అర్థం కాలేదు. గనిలోకి పోయేవాణ్ణి నేను. ఈమె ఏ కప్పు కింద కూర్చుంది? అడుగుదామంటే ఆమె మొహం కిటికీవైపు తిప్పేసుకుంది. మిగతా ప్రయాణమంతా కుదుపులతో పాటు ఆ మాట కూడా నన్ను కుదిపింది.

చక్రాలు నేలకు తగలగానే విమానం నిండా ఫోన్లు మోగాయి. ‘దిగినం’, ‘ఉతర్ గయే’, ఇంకా నాకు రాని భాషల్లో అదే ముక్క. దిగిన సంగతి దిగాక ఇంటికి పోయి చెప్పుకోలేరా, ఇదొక షోకు అనుకున్నాను. తలుపు దగ్గర విమానం వాళ్ళు నన్ను పక్కకు నిలబెట్టారు. ఖాజా నాకోసం ఆగి హిందీలో ఏదో చెప్పాడు. బొగ్గు గని, కప్పు అనేవి రెండూ అర్థమయ్యాయి. ఇంకోసారి ఇలా చేస్తే విమానం ఎక్కనివ్వం అని హెచ్చరించి వదిలారు. నేను అనుమానించిన మనిషే నన్ను విడిపించాడు. అతనికి సరిగ్గా షుక్రియా కూడా చెప్పలేదు, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పోర్ట్ బ్లెయిర్: కాలు

ఊరి పేరు మార్చారట, ఆటోవాళ్ళు మాత్రం పాత పేరే అంటున్నారు. ఎర్రమట్టి గుట్టలు, రేకుల ఇళ్ళు, ఎటు తిరిగినా కొబ్బరి చెట్లు. మనుషులు నాలుగు భాషలవాళ్ళు, మాట్లాడేది హిందీ. మా ఆటో అతను శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళ మనవడు. టమాటా ఓడలో రావాలి కాబట్టి మా రామగుండం అంగడికి రెట్టింపు ధర. చేపలు మాత్రం మేము వంకాయలు కొన్నంత తేలిగ్గా కొంటారు. సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకింది. నా గడియారం పాడైందని రెండుసార్లు దులిపాను.

సమ్మయ్య తలుపు దగ్గరికి చంకలో కర్ర పెట్టుకుని వచ్చాడు. సరోజన సంచి కింద పడేసి పోయి పట్టుకుంది. నేను కాలు చూశాను. కట్టు కట్టి ఉంది. పాదం ఆ పక్కన పొట్టిగా ఉంది. తొమ్మిదేళ్ళ కింద మా ఊరినుంచి పోయినవాడు ఎద్దులాగా ఉండేవాడు. ఇప్పుడు చొక్కా కొయ్యకు తగిలించినట్టు ఉంది.

“తొక్కు తెచ్చినవా అక్కా?” అని అడిగాడు.

అప్పుడు ఏడ్చింది సరోజన. తొక్కు కోసమని అందరూ అనుకున్నారు. నాటకమని నేనన్న మాట ఆమె వాడికి చెప్పలేదు. ఆ మాటన్న నోరు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు.

వాడి భార్య మీనా మనిషి మంచిది. తెలుగు సమ్మయ్య దగ్గరే నేర్చుకుంది కాబట్టి ‘బావా, కూసో, తిను’ అని మా భాషలోనే అంటుంది. ఆవాలు నూరి ఆకులో చుట్టి ఉడికించిన చేప పెట్టింది. చింతపండు పులుసు లేని చేపను మొదట అనుమానంగా ముట్టుకున్నాను, తర్వాత మూడు తిన్నాను. పప్పు మాత్రం తియ్యగా ఉంది. షుగర్ మనిషి ఉన్న ఇంట్లో పప్పులో చక్కెరా? వాడి గిన్నెలోంచి ఒక చెంచా తీసుకుని రుచి చూశాను. వాడిది వేరే వండింది. మీనా చూసి నవ్వింది. నేను తలదించుకున్నాను.

జైలు గోడ

రెండో రోజు అందరిలాగే కాలాపానీ జైలుకు పోయాం. వరసగా చీకటి గదులు, ఒక గది మనిషికి ఇంకో గది మనిషి కనబడకుండా కట్టారు. సరోజన ఒక గదిలోకి పోయి వెంటనే బయటికి వచ్చింది. నేను గోడ తట్టాను. ఖంగుమంది. ఇంటి నుంచి బయల్దేరాక నేను తట్టిన వాటిలో గట్టిది అదొక్కటే.

“నమ్మకమైన కట్టడం” అన్నాను.

“గందులకే కట్టిండ్రు” అంది సరోజన.

సముద్రం ఒడ్డున

మూడో రోజు సాయంత్రం సమ్మయ్య, నేను ఒడ్డున సిమెంటు గట్టు మీద కూర్చున్నాం. విమానంలో సరోజన అన్న మాట నన్ను వదల్లేదు. ఆమెను అడిగితే ‘ఏం లేదు తియ్’ అంది. వాడితో చెప్పాను. ఐటీఐ చదివే రోజుల్లో రెండేళ్ళు వాడు మా క్వార్టర్లోనే ఉన్నాడు.

వాడు చంక కర్ర గట్టుకు ఆనించి నావైపు తిరిగాడు. “నీకు యాదున్నదా బావా? ఓసారి మూడింటికి పైకి రావాల్సినోనివి పొద్దుగూకినంక వచ్చినవ్.”

గుర్తుంది. లోపల కప్పు కూలి దారి మూసుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. బండలు తొలగించుకుని వచ్చేసరికి ఆలస్యమైంది.

“ఆ రోజు అక్క నువ్వు తానం జేసే నీళ్ళ గిన్నె పొయ్యి మీదికెల్లి దించలే. మూడింటి సైరన్‌కు పెట్టింది. మరిగి సగమైతయి, మల్ల పోస్తది. మరుగుతయి, మల్ల పోస్తది. జర దించు అక్కా అన్న. దించితే రాడు అన్నది.”

“గా ఒక్క రోజా?”

“రోజు గంతే బావా. సైరన్ కూయంగనే పెడ్తది. నీ స్కూటర్ సప్పుడు ఇన్నంకనే దించుతది. నీకు ఎరుకలేదా?”

నాకు ఎరుకలేదు. ఆ రోజు ఇంటికి వచ్చాక నేనేం చేశానో మాత్రం యాదికొచ్చింది. గ్యాసు అయిపోయింది. బొగ్గు మసితో వాకిట్లో నిలబడి, ఉత్త నీళ్ళు మరగబెట్టి సిలిండర్ ఒడగొట్టావు, నీకు బుద్ధి ఉందా అని వాడ అంతా వినేలా తిట్టాను. ఆమె బకెట్‌లో వేడినీళ్ళకు చన్నీళ్ళు తొలిపి పెట్టింది.

ఇంకోటి కూడా ఉంది, అది చెప్పుకోవడానికి ఇంకా సిగ్గు. మూడింటికి పైకి వచ్చినా నేను ఏ రోజూ నేరుగా ఇంటికి పోలేదు. గేటు ముందు హోటల్లో చాయ్, ముచ్చట్లు, ఎవరి మీదో ఒకరి మీద అనుమానాలు. ఇంటికి చేరేది నాలుగున్నరకు. రోజుకు గంటన్నర, ముప్పై ఏళ్ళు, ఆమె పొయ్యి ముందు నిలబడింది. నాకు కర్ర ఉంది, కప్పు తట్టి చూసుకుని ధైర్యం తెచ్చుకున్నాను. ఆమెకు ఏముంది తట్టడానికి?

తిరుగు ప్రయాణం

ఆరో రోజు తిరిగొచ్చాం. మీనా ఇచ్చిన కొబ్బరి లడ్డూలను ఈసారి పెద్ద సామాన్లలో వేశాం. సమ్మయ్య ఆటో దాకా నడిచొచ్చి, “మల్ల తొమ్మిదేండ్లకేనా?” అని నన్ను అడిగాడు. సంక్రాంతికో దసరాకో అని మాట దాటెయ్యబోయి, ఆగి, “చలికాలం వస్తం” అన్నాను.

నా భయం ఎక్కడికీ పోలేదు. ఎక్కగానే చెయ్యి పైకి లేచింది, పలక దాకా పోయి ఆగింది. తట్టలేదు. డొల్ల అని తెలుసు కదా, మళ్ళీ ఎందుకు? సముద్రం మధ్యలో కుదుపులు వచ్చాయి. టింగ్‌మంది. పలకలు కిర్రుమన్నాయి. కాళ్ళు వాటంతట అవే లేవబోతుంటే పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ఏదో ఒకటి పట్టుకోవాలి. సరోజన కొంగు కిందికి చెయ్యి పోనిచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మంచుగడ్డలా ఉంది. చెమటతో తడిసిపోయింది. వణుకుతోంది.

“నీకు భయం లేదనుకున్న” అన్నాను.

“నీకెవలు చెప్పిండ్రు?”

“పోయేటప్పుడు బొమ్మలెక్క కూసున్నవ్ గదా.”

“భయమైనోళ్ళందరు లేశి ఒర్రుతరా బావా?” అంది. ఇంకో కుదుపు వచ్చింది. ఆమె గోళ్ళు నా అరచేతిలో దిగాయి. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుస్తుందేమో అనుకున్నాను.

“ఏమనుకుంటున్నవ్?”

చెప్పడానికి సిగ్గుపడింది. తర్వాత చెప్పింది. “నీళ్ళు పెట్టిన అనుకుంటున్న. ఇంక దిగేదాక దించ.”

ఆమె చెయ్యి హైదరాబాద్ దాకా వదల్లేదు. చక్రాలు నేలకు తగిలి ఫోన్లన్నీ మోగాయి. ‘దిగినం’, ‘దిగినం’. నేను నా ఫోన్ తీసి సమ్మయ్యకు కొట్టాను. ఒక్క మోతకే ఎత్తాడు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టున్నాడు. “దిగినం రా” అన్నాను. అవతల వాడు ఊపిరి వదలడం వినబడింది.

మళ్ళీ ఫస్ట్ షిఫ్టు

సోమవారం డ్యూటీకి పోయాను. కప్పు తట్టాను, ఖంగుమంది. చాలా రోజుల తర్వాత ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చింది. మూడింటికి పైకి వచ్చి, టోపీకుండే దీపం అప్పజెప్పి, స్కూటర్ డిక్కీలోంచి ఫోన్ తీసి ఇంటికి కొట్టాను. అవతల సైరన్ కూత ఇంకా ఆగలేదు.

“ఏమైంది?” అంది సరోజన. గొంతు మారిపోయింది. ముప్పై ఏళ్ళలో ఆ వేళకు నేను ఫోన్ చెయ్యలేదు.

“ఏం కాలే. పైకొచ్చిన. ఇంటికే వస్తున్న.”

“నిజం చెప్పు బావా. పక్కన ఎవలున్నరు? ఫోన్ ఆళ్ళకియ్యి.”

“ఎవ్వల్లేరు. ఉత్తగనే చేసిన.”

ఆమె నమ్మలేదు. హోటల్ ముందు మావాళ్ళు పిలుస్తుంటే చెయ్యి ఊపి వచ్చేశాను. మా వాడ మలుపు తిరిగేసరికి ఆమె గేటు బయట నిలబడి ఉంది. స్కూటర్ ఆపగానే నన్ను దింపి, అటు తిప్పి ఇటు తిప్పి, చేతులు, మోకాళ్ళు, నెత్తి అన్నీ చూసింది. తర్వాత వేలి కణుపుతో నా రొమ్ము మీద రెండుసార్లు తట్టింది.

“మంచిగనే ఉన్నవ్” అని, నీళ్ళు దించడానికి లోపలికి పోయింది.